వేవ్‌టేబుల్ సింథసైజర్ ఎందుకు గాజులా మోగుతుంది, అందులో ప్రాణం ఎలా కదులుతుంది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. 1980ల నాటి రికార్డింగుల్లో పీపీజీ వేవ్ అనే సింథసైజర్, అంటే విద్యుత్తుతో ధ్వనులు పుట్టించే యంత్రం, వాయించిన భాగాలు మీకు ఎంతో నచ్చాయి. ఆ నాదం కోసం కంప్యూటర్‌లో ఒక వేవ్‌టేబుల్ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నారు. తీరా చూస్తే అందులో వచ్చే ధ్వని శుభ్రంగా, పలుచగా, గాజులా చల్లగా ఉందనీ, ఎన్ని ప్రీసెట్లు (ముందే సిద్ధం చేసి ఉంచిన ధ్వనులు) మార్చినా ఆ పాత ప్రాణం రావడం లేదనీ రాశారు. పాత యంత్రం సంపాదిస్తే తప్ప ఆ నాదం దొరకదా, లేక మీరు వాడే తీరులోనే లోపం ఉందా అన్నది మీ సందేహం.

పాత యంత్రం లేకపోయినా ఆ నాదంలో అధిక భాగం మీకు దక్కుతుంది. మీ చెవి కూడా తప్పు చెప్పలేదు. కదలకుండా ఒకే చోట నిలబెట్టిన వేవ్‌టేబుల్ ఏ యంత్రంలోనైనా చల్లగానే ఉంటుంది, ఎందుకంటే అది నిలబడడానికి పుట్టిన ధ్వని కాదు. ఇరవై ఏళ్లకు పైగా ఈ తరహా యంత్రాలతో, సాఫ్ట్‌వేర్‌లతో పని చేస్తున్నాను. వీటి ఆకర్షణ అంతా ఒక తరంగం నుంచి ఇంకో తరంగానికి జరిగే ప్రయాణంలోనూ, ఆ ప్రయాణం కాస్త గరుకుగా సాగడంలోనూ ఉందని నా గట్టి అభిప్రాయం. ఎందుకలా అనుకుంటున్నానో కొంచెం లోపలికి వెళ్లి చెబుతాను.

ముందుగా మాట విషయంలో ఉన్న గందరగోళాన్ని తీసేద్దాం, ఎందుకంటే మీరు వెతికినప్పుడు దొరికే వివరణల్లో సగం వేరే వస్తువు గురించినవి. ఒక తరంగపు ఒక్క ఆవృత్తిని, అంటే ఒక పూర్తి చుట్టును, అంకెల పట్టికగా నిల్వ చేసి, దాన్ని మళ్లీ మళ్లీ చదివి ధ్వనిగా మార్చడం అనే పద్ధతి 1950ల చివర్లో బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థలో మాక్స్ మాథ్యూస్ రాసిన కంప్యూటర్ ప్రోగ్రాముల నాటిది. ఆ అర్థంలో దాదాపు ప్రతి డిజిటల్ ఆసిలేటరూ (తరంగాన్ని పుట్టించే భాగం) పట్టికను చదివేదే. 1990ల్లో కంప్యూటర్ సౌండ్ కార్డుల మీద కూడా వేవ్‌టేబుల్ అని రాసేవారు, కానీ వాటిలో ఉన్నవి పియానో, వయొలిన్ వంటి వాద్యాల రికార్డింగులు మాత్రమే. మీరు విన్న నాదానికి కారణమైన పద్ధతి ఈ రెండూ కాదు. అందులో ఒక తరంగం ఉండదు, వరుసగా పేర్చిన అనేక తరంగాలు ఉంటాయి, ఆ వరుసలో ఎక్కడ చదవాలన్నది ధ్వని మోగుతుండగానే మారుతూ ఉంటుంది.

ఈ ఆలోచనను యంత్రంగా మలిచినవారు హాంబర్గ్‌కు చెందిన వోల్ఫ్‌గాంగ్ పామ్. 1970ల చివరికి ఆయన సంస్థ పీపీజీ నుంచి వేవ్ కంప్యూటర్ 360 వచ్చింది. దాని తర్వాత 1981లో వేవ్ 2, 1982లో వేవ్ 2.2, 1984లో వేవ్ 2.3 వచ్చాయి. వీటిలో ఒక్కో టేబుల్‌కు 64 స్థానాలు ఉండేవి. మొత్తం 64 తరంగాలనూ విడివిడిగా నిల్వ చేసేంత మెమరీ అప్పట్లో లేదు కాబట్టి, కొన్ని ముఖ్యమైన తరంగాలను మాత్రమే ఉంచి, వాటి మధ్య స్థానాలను లెక్కగట్టి నింపేవారు. చివరి కొన్ని స్థానాలు మాత్రం ఏ టేబుల్‌లోనైనా త్రికోణ, చతురస్ర, రంపపు తరంగాల వంటి పరిచితమైన ఆకారాలకు కేటాయించి ఉండేవి. అందుకే పాత టేబుల్‌ను చివరిదాకా తిప్పుకుంటూ వెళితే ఆఖర్లో ఒక్కసారిగా వేరే లోకంలోకి దూకినట్టు వినిపిస్తుంది. కొందరు దాన్ని లోపమంటారు, నేను మాత్రం ఆ దూకుడునే లయగా వాడుకున్న భాగాలు ఎన్నో విన్నాను.

ప్రయాణం అంటే ఏమిటో మీ నోటితోనే పరీక్షించి చూడండి. ఒకే శ్రుతిలో గొంతు నిలిపి 'ఊ' అని మొదలుపెట్టండి, ఊపిరి ఆపకుండా, శ్రుతి మార్చకుండా 'ఓ' మీదుగా 'ఆ'కు, అక్కడి నుంచి 'ఏ' మీదుగా 'ఈ'కి నెమ్మదిగా జరగండి. స్వరం మారలేదు, గట్టితనం పెద్దగా మారలేదు, అయినా వినేవారికి ఏదో కథ జరిగినట్టు ఉంటుంది. లోపల జరిగిందల్లా హార్మోనిక్‌ల మధ్య బలాబలాలు మారడమే. మూలస్వరానికి రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్ల పౌనఃపున్యంలో ఉండే ఆ పై స్వరాల్లో కొన్ని పెరిగాయి, కొన్ని తగ్గాయి, కొన్ని మాయమై మళ్లీ వచ్చాయి. వేవ్‌టేబుల్‌లో స్థానం మార్చడమంటే అచ్చంగా ఇదే. 'ఊ' ఒక స్థానం, 'ఈ' ఇంకో స్థానం, వాటి మధ్య దారిని ఎన్వలప్‌తోనో (కీ నొక్కినప్పటి నుంచి మార్పును నడిపే సంకేతం), ఎల్‌ఎఫ్‌ఓతోనో (నెమ్మదిగా ఊగుతూ ఉండే సంకేతం), మీ చేత్తోనో నడిపిస్తారు.

అనలాగ్ సింథసైజర్‌తో ఉన్న అసలు తేడా ఇక్కడే తెలుస్తుంది. రంపపు తరంగాన్ని లో-పాస్ ఫిల్టర్ (పై పౌనఃపున్యాలను తగ్గించేది) గుండా పంపి, ఆ కోత మొదలయ్యే హద్దైన కట్టాఫ్‌ను తగ్గిస్తే హార్మోనిక్‌లు పై నుంచి వరుసగా తగ్గుతూ వస్తాయి, పెంచితే అదే దారిలో తిరిగి వస్తాయి. అది ఒకే గీత మీద ముందుకూ వెనక్కూ నడవడం వంటిది. ఆ నడక ఎంతో అందంగా ఉంటుంది, దాని మీద ఎన్నో తరాల సంగీతం నిలబడింది, కానీ తర్వాతి అడుగు ఎటు పడుతుందో చెవికి ముందే తెలుసు. వేవ్‌టేబుల్‌లో మూడో హార్మోనిక్ పెరుగుతుండగా అయిదోది తగ్గవచ్చు, అంతలో పదకొండోది ఎక్కడి నుంచో తలెత్తవచ్చు, మూలస్వరమే కాసేపు పలుచబడి మళ్లీ నిండవచ్చు. 1983లో వచ్చిన యమహా డీఎక్స్7తో ప్రసిద్ధమైన, ఒక తరంగంతో ఇంకో తరంగపు పౌనఃపున్యాన్ని ఊపే ఎఫ్ఎం పద్ధతిలోనూ హార్మోనిక్‌లు ఇలాగే చిత్రంగా కదులుతాయి, కాకపోతే అక్కడ ఒక్క అంకె మార్చితే ఏది ఎటు పోతుందో ఊహించడం కష్టం. వేవ్‌టేబుల్‌లో దారి ముందే గీసి ఉంటుంది, మీరు చేయాల్సింది ఏ వేగంతో, ఎంత దూరం, ఎక్కడ ఆగుతూ నడవాలో నిర్ణయించుకోవడమే. ఈ సౌలభ్యం వల్లనే నాకు ఎఫ్ఎం కంటే ఇది చేతికి దగ్గరగా అనిపిస్తుంది.

ఇక ఆ గాజుతనం సంగతి. మీరు చల్లదనం అంటున్నదీ, పాత యంత్రాల్లో మెరుపు అని మెచ్చుకుంటున్నదీ ఒకే చోట పుట్టినవి కావు, వాటిని విడదీసి చూడాలి. పీపీజీ తరంగాలు 8 బిట్‌లవి, అంటే తరంగపు ఎత్తుకు 256 మెట్లు మాత్రమే. ఒక ఆవృత్తికి 128 శాంపిళ్లు, అంటే తరంగపు ఎత్తును చెప్పే అంకెలు, ఉంటాయి, అందులోనూ 64 మాత్రమే నిల్వ చేసి, రెండో సగాన్ని మొదటి సగానికి తిరగేసిన ప్రతిబింబంగా యంత్రమే తయారు చేసుకునేది. మెమరీ పొదుపు కోసం చేసిన ఈ ఏర్పాటుతో ఒక్కో తరంగం 64 బైట్లలో ఇమిడిపోయింది. ఒక ఆవృత్తికి 128 శాంపిళ్లు ఉన్నప్పుడు 63 హార్మోనిక్‌ల దాకా మాత్రమే మన ఇష్టప్రకారం నిర్ణయించగలం. కీబోర్డు మీద కింది భాగంలో 55 హెర్ట్జ్ స్వరం వాయిస్తే 63వ హార్మోనిక్ 3,465 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. లెక్క ప్రకారం ఆ స్వరం బరువుగా, ముసుగు వేసినట్టు వినిపించాలి. కానీ వినిపించేది దానికి పూర్తిగా విరుద్ధంగా ఉంటుంది.

కారణం ఏమిటంటే, ఒక శాంపిల్ నుంచి తర్వాతి శాంపిల్‌కు యంత్రం నునుపుగా జారదు, మెట్టు నుంచి మెట్టుకు దూకుతుంది. ఆ దూకుళ్లు కూడా ధ్వనే. ఉదాహరణకు టేబుల్‌లో ఒక శుద్ధమైన సైన్ తరంగమే ఉందనుకోండి. దాన్ని 55 హెర్ట్జ్‌లో వాయిస్తే, 128 మెట్ల కారణంగా 127వ హార్మోనిక్ స్థానంలో 6,985 హెర్ట్జ్ దగ్గర ఒకటి, 129వ స్థానంలో 7,095 హెర్ట్జ్ దగ్గర ఇంకొకటి, ఇలా రెండు సన్నని నీడలు తోడుగా మోగుతాయి. వాటి బలం మూలస్వరంలో దాదాపు 127వ వంతు, అంటే సుమారు 42 డెసిబెల్స్ తక్కువ. వింటే అతి చిన్నదే, కానీ కింద నెమ్మదైన స్వరం తప్ప మరేమీ లేనప్పుడు పైన 7 కిలోహెర్ట్జ్ దగ్గర ఉన్న ఆ సన్నని గీత చెవికి తప్పక తగులుతుంది. హార్మోనిక్‌లు నిండుగా ఉన్న తరంగమైతే ఆ గీతలు పెద్ద గుంపుగా పెరుగుతాయి. పాత యంత్రంలో ఒక మంద్రస్వరం మీద గంట మోగినట్టు పైన తేలే పొర ఇదే.

ఇందులో నాకు ఎంతో ఇష్టమైన విషయం ఒకటి ఉంది. మెట్లతో కూడిన ఆ తరంగం కూడా ప్రతి ఆవృత్తిలోనూ అచ్చంగా అలాగే తిరిగి వస్తుంది. ప్రతి ఆవృత్తిలోనూ తిరిగి వచ్చేది ఏదైనా సరే, దానిలోని అంశాలన్నీ మూలస్వరానికి పూర్ణాంక రెట్లలోనే ఉండి తీరాలి. అందుకే ఆ నీడలు అపస్వరాలుగా వినిపించవు, శ్రుతిలో కలిసిపోయి మెరుపుగా వినిపిస్తాయి. 8 బిట్‌ల కోతలో జరిగే పొరపాట్లు కూడా అంతే. రికార్డు చేసిన పాటను 8 బిట్‌లకు కుదిస్తే బుస వినిపిస్తుంది, కానీ ఒకే ఆవృత్తి మళ్లీ మళ్లీ తిరిగేటప్పుడు ఆ పొరపాట్లు కూడా అదే క్రమంలో తిరుగుతాయి కనుక అవి బుసగా కాక అదనపు హార్మోనిక్‌లుగా మారిపోతాయి. పరికరం పరిమితి నేరుగా వాద్యపు గొంతు అయిపోయిన సందర్భాల్లో ఇంతకంటే చక్కనిది నాకు తెలియదు.

అయితే ఇది జరగాలంటే ఆసిలేటర్ తన మెట్లను చాలా సూక్ష్మమైన కాలప్రమాణంతో వేయగలగాలి. పీపీజీలో ఆ వేగం నేటి ఆడియోలో సాధారణమైన సెకనుకు 44,100 శాంపిళ్ల కంటే ఎంతో ఎక్కువ. అదే మెట్ల తరంగాన్ని 44,100 వేగంతో ఏ జాగ్రత్తా లేకుండా చదివితే, ఆ వేగంలో సగమైన 22,050 హెర్ట్జ్ దాటిన ప్రతి నీడా అద్దానికి తగిలినట్టు వెనక్కి మడిచి శ్రుతికి సంబంధం లేని చోట పడుతుంది. దాన్నే అలియాసింగ్ అంటారు. పై స్వరాల్లో కీచుగా, శ్రుతి తప్పినట్టు, స్వరం పైకి వెళుతుంటే కిందికి జారే ఈల వంటి శబ్దం ఎప్పుడైనా విన్నట్లయితే అది ఇదే. తొలి సాఫ్ట్‌వేర్‌లలో చాలావాటికి చెడ్డపేరు తెచ్చింది ఈ మడతపడిన ధ్వనే తప్ప డిజిటల్ కావడం కాదు. నేటి మంచి సాఫ్ట్‌వేర్‌లు దీనికి మందు కనిపెట్టాయి. 2014లో వచ్చిన సీరమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో తరంగానికి 2,048 శాంపిళ్లు, ఒక టేబుల్‌కు 256 తరంగాల దాకా ఉండవచ్చు. 2,048 శాంపిళ్లంటే వెయ్యికి పైగా హార్మోనిక్‌లు. కానీ 440 హెర్ట్జ్ స్వరంలో 22,050 లోపల పట్టేవి 50 మాత్రమే. కాబట్టి ఇటువంటి సాఫ్ట్‌వేర్‌లు స్వరం ఎత్తును బట్టి, పట్టని హార్మోనిక్‌లను ముందే తీసేసిన ప్రతిని ఎంచుకుని చదువుతాయి. శుభ్రత అక్కడి నుంచి వచ్చింది, దానితో పాటు ఆ మెట్ల మెరుపు కూడా పోయింది. మీ సాఫ్ట్‌వేర్‌లో మీకు లోటుగా తోచినదాంట్లో ఇది ఒక భాగం.

దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి చాలామంది బిట్ క్రషర్ (ధ్వనిని తక్కువ బిట్‌లకు కుదించే) ఎఫెక్ట్ పెడతారు, నేను వద్దంటాను. అది మొత్తం ధ్వని మీద పని చేస్తుంది, ఒక్కో స్వరపు శ్రుతిని ఎరగదు, అందువల్ల మళ్లీ ఆ అపస్వరపు మడతలే వస్తాయి. దానికి బదులు మెట్లను తరంగంలోనే గీయండి. 128 శాంపిళ్ల తరంగాన్ని తీసుకుని, ప్రతి శాంపిల్‌నూ 16 సార్లు పక్కపక్కనే రాస్తే సరిగ్గా 2,048 వస్తాయి. ఎత్తును కూడా 256 మెట్లకు కుదించండి. అప్పుడు మెట్లు తరంగంలో అంతర్భాగమై హార్మోనిక్‌లుగా మారతాయి, పై స్వరాలకు వెళ్లినప్పుడు పట్టని వాటిని సాఫ్ట్‌వేర్ తన పద్ధతిలో తీసేస్తుంది, అలియాసింగ్ ఉండదు. నేను ఇలా చేసిన మొదటి టేబుల్ ఒక మామూలు సైన్ నుంచి చతురస్రానికి వెళ్లేది. నునుపైన ప్రతిని, మెట్ల ప్రతిని పక్కపక్కనే పెట్టి ఒకే మంద్రస్వరం వాయిస్తే, మొదటిది స్పీకర్ లోపల ఉన్నట్టు, రెండోది స్పీకర్ ముందుకు వచ్చి నిలబడినట్టు వినిపించింది. అంతకు ముందు నేను కూడా ఆ తేడా అంతా ఫిల్టర్ మహిమే అనుకునేవాణ్ణి.

మెట్లు ఇంకో దిశలో కూడా ఉన్నాయి. టేబుల్ పొడవునా ఒక స్థానం నుంచి తర్వాతి స్థానానికి పాత యంత్రం కలుపుతూ జారదు, తటాలున మారుతుంది. 64 స్థానాలను 8 సెకన్లలో దాటితే సెకనుకు 8 మార్పులు, అవి విడివిడిగా వినిపిస్తాయి. పొరుగు తరంగాల మధ్య పెద్ద తేడా ఉన్న టేబుల్ అయితే అది చిన్నచిన్న చిటికెలుగా వినిపిస్తుంది. అదే 64 స్థానాలను అర సెకనులో దాటితే సెకనుకు 128 మార్పులు, అప్పుడు మెట్లు విడిగా వినిపించవు, స్వరం మొదట్లో ఒక గరుకుదనంగా, చీరిన గుడ్డ అంచులా తోస్తాయి. నేటి సాఫ్ట్‌వేర్‌లు సాధారణంగా రెండు తరంగాలను కలుపుతూ జారతాయి, కానీ ఆ జారుడును ఆపేసే వీలు కూడా చాలావాటిలో ఉంది. మీరు ఇష్టపడే ఆ పాత ధ్వని కోసం దాన్ని ఆపి చూడండి. నెమ్మదిగా సాగే విశాలమైన ధ్వనులకు జారుడు, చురుకైన చిన్న స్వరాలకు మెట్లు బాగుంటాయన్నది నా అనుభవం.

ఫిల్టర్ గురించి చెప్పకపోతే ఈ జవాబు అసంపూర్ణమవుతుంది. వేవ్ కంప్యూటర్ 360లో ఫిల్టర్ లేదు, టేబుల్‌లో కదలికే ఫిల్టర్ పని కూడా చేస్తుందన్నది అప్పటి ఆశ. ఆ ధ్వని మరీ ఎండినట్టుగా ఉండటంతో తర్వాతి యంత్రాల్లో ప్రతి స్వరానికీ ఒక అనలాగ్ ఫిల్టర్ చేర్చారు. వేవ్ 2.2లో ఒకేసారి మోగగల ఎనిమిది స్వరాలు, ఒక్కో స్వరానికి రెండు డిజిటల్ ఆసిలేటర్లు, వాటి తర్వాత ఎస్ఎస్ఎం 2044 చిప్‌తో నడిచే, కట్టాఫ్ పైన ఒక్కో స్థాయికి 24 డెసిబెల్స్ తగ్గించే లో-పాస్ ఫిల్టర్ ఉన్నాయి. పైన చెప్పిన నీడలన్నీ ఈ ఫిల్టర్ ద్వారం ముందు నిలబడి ఉంటాయి. కట్టాఫ్ తగ్గించినప్పుడు గుండ్రంగా, వెచ్చగా ఉన్న స్వరం, తెరిచినప్పుడు ఒక్కసారిగా గాజు ముక్కలు పరిచినట్టు మెరుస్తుంది. స్వరం ఆరిపోయేటప్పుడు ఫిల్టర్ మూసుకుంటూ ఆ గరుకుదనాన్ని కూడా తనతో తీసుకుపోతుంది. డిజిటల్ కఠినత్వం, అనలాగ్ మృదుత్వం ఒకదానికొకటి ఎదురు నిలవడం వల్ల పుట్టిన వైవిధ్యం ఇది. పీపీజీ 1987లో మూతపడ్డాక ఆ వారసత్వాన్ని అందుకున్న వాల్డార్ఫ్ సంస్థ 1989 నాటి మైక్రోవేవ్‌లో ఇదే కూర్పును కొనసాగించింది. 1997 నాటి మైక్రోవేవ్ 2లో ఫిల్టర్‌ను కూడా డిజిటల్ చేసింది. రెండూ మంచివే, కానీ ఒకదాని స్థానంలో మరొకటి సరిపోదు. రెండోదానిలో ధ్వని మరింత పదునుగా, లోహంలా ఉంటుంది, ఆ పదును కావాల్సిన సంగీతానికి అదే సరైనది.

అయినా ఫిల్టర్‌ను మంత్రదండంలా చూడవద్దని నా మనవి. కట్టాఫ్‌ను స్థానంతో పాటు కదిలించినప్పుడే దాని విలువ తెలుస్తుంది. టేబుల్ ప్రకాశవంతమైన వైపు జరుగుతుంటే ఫిల్టర్ మెల్లగా మూసుకునేలా, అంటే రెండూ ఎదురెదురు దిశల్లో నడిచేలా పెట్టి చూడండి. మొత్తం వెలుగు పెద్దగా మారదు, కానీ లోపలి అల్లిక అంతా మారిపోతూ ఉంటుంది. పాత రికార్డింగుల్లో మీరు ప్రాణం అని పిలుస్తున్నది ఎక్కువగా ఇటువంటి కదలికే.

కదలిక పెట్టేటప్పుడు కొత్తవారు తరచుగా చేసే పొరపాటు, టేబుల్ మొదటి నుంచి చివరిదాకా ఒకే ఎల్‌ఎఫ్‌ఓతో ఊపడం. రెండుసార్లు విన్నాక చెవికి ఆ చక్రం పట్టుబడిపోతుంది, ఆపై అది యంత్రం తిరుగుతున్నట్టే ఉంటుంది. ప్రతి టేబుల్‌లోనూ బాగుండే చోట్లు కొన్నే ఉంటాయి. వాటిని చేత్తో వెతికి, ఆ చోటు చుట్టూ అయిదారు స్థానాల మేరకే కదిలించండి. స్వరం మొదట్లో 30, 40 మిల్లీసెకన్ల చిన్న ఎన్వలప్‌తో దూరపు స్థానం నుంచి అసలు స్థానానికి వచ్చేలా చేస్తే మీటిన తంత్రి మొదటి క్షణం వంటి స్పష్టత వస్తుంది. కీని ఎంత గట్టిగా నొక్కారో దాన్ని బట్టి స్థానం కొద్దిగా జరిగితే వాయించే చేతికీ ధ్వనికీ సంబంధం ఏర్పడుతుంది. రెండు ఆసిలేటర్లకు రెండు వేర్వేరు నెమ్మదైన ఎల్‌ఎఫ్‌ఓలు ఇవ్వండి, ఒకటి 7 సెకన్లకు, ఇంకొకటి 11 సెకన్లకు తిరిగేలా పెడితే, ఆ రెండూ మొదలైన చోటికి కలిసి వచ్చేది 77 సెకన్ల తర్వాతే. రెండో ఆసిలేటర్ శ్రుతిని అతి స్వల్పంగా తప్పించడం కూడా ఇక్కడ ప్రత్యేకంగా పనిచేస్తుంది. 220 హెర్ట్జ్ పక్కన 220.5 పెడితే మూలస్వరం రెండు సెకన్లకు ఒకసారి అలలా లేచి పడుతుంది, పదో హార్మోనిక్ మాత్రం సెకనుకు అయిదుసార్లు మినుకుమంటుంది. టేబుల్‌లో ఏ హార్మోనిక్‌లు బలంగా ఉన్నాయో దాన్ని బట్టి ఆ మినుకు స్వభావమే మారుతుంది.

ఇంకొక మాట, దీన్ని చాలామంది పట్టించుకోరు. టేబుల్‌లో హార్మోనిక్‌ల బలాలు హార్మోనిక్ సంఖ్యకు కట్టుబడి ఉంటాయి. 110 హెర్ట్జ్‌లో ఎనిమిదో హార్మోనిక్ బలంగా ఉండి 880 దగ్గర 'ఆ' అని పలికిన స్థానం, 220 హెర్ట్జ్‌లో అదే బలాన్ని 1,760 దగ్గరకు తీసుకుపోతుంది. మనిషి గొంతులో అలా జరగదు, శ్రుతి మారినా నోటి ఆకారం నిలిచే ఉంటుంది. అందుకే అచ్చుల టేబుళ్లు ఒక స్థాయిలో గంభీరంగా, రెండు స్థాయిలు పైకి వెళ్లేసరికి బొమ్మ గొంతులా వినిపిస్తాయి. కీబోర్డు ఎత్తును స్థానానికి తిరగేసి కలపండి, పై స్వరాలు టేబుల్‌లో మెరుపు తక్కువగా ఉన్న వైపు నుంచి చదివేలా చేయండి. మీరు పలుచదనం అన్న దానిలో సగం ఈ ఒక్క సవరణతో తగ్గుతుంది.

సొంత టేబుల్ తయారు చేసుకోవాలన్న కోరిక మీకు తప్పకుండా కలుగుతుంది, కాబట్టి నేను పడిన ఇబ్బంది ఒకటి చెబుతాను. నా గొంతుతో రికార్డు చేసుకున్న దీర్ఘమైన అచ్చుల నుంచి ఒక్కో ఆవృత్తిని కోసి, పదహారు తరంగాలుగా పేర్చాను. విడివిడిగా ప్రతి ఒక్కటీ చక్కగా ఉంది. జారుడుతో నడిపించగానే రెండు తరంగాల మధ్య ప్రతిసారీ ధ్వని బోలుగా, బావిలోకి దిగినట్టు అయిపోయింది. వారం రోజులు ఎన్వలప్‌లను అనుమానించాను. చివరికి తేలింది ఏమిటంటే, ఒక తరంగంలో పైకి వెళుతున్న హార్మోనిక్ పక్క తరంగంలో కిందికి వెళుతున్న దశలో ఉంది, రెండింటినీ సగం సగం కలిపినప్పుడు అవి ఒకదాన్నొకటి తుడిచేస్తున్నాయి. ప్రతి తరంగంలోనూ హార్మోనిక్‌ల దశలను ఒకేలా సరిచేసి మళ్లీ రాశాక ఆ బోలుదనం పూర్తిగా పోయింది. ప్రతిబింబపు ఏర్పాటు వల్ల పాత పీపీజీ తరంగాల్లో హార్మోనిక్‌లన్నీ సున్నా దగ్గరే మొదలవుతాయి, పైకో కిందికో అన్నది మాత్రమే మారగలదు. ఆ సమస్యలో అధిక భాగం వారికి పొదుపుతోనే తీరిపోయింది. ఇప్పుడు చాలా సాఫ్ట్‌వేర్‌లలో దశలను సరిచేసే ఆదేశం ఉంటుంది, 2020లో వచ్చిన వైటల్ అనే సాఫ్ట్‌వేర్‌లోనైతే తరంగాలను నేరుగా కాక హార్మోనిక్‌ల బలాల మేరకు కలిపే పద్ధతి కూడా ఉంది.

దగ్గరి బంధువుల గురించి క్లుప్తంగా. కోర్గ్ డీడబ్ల్యూ-8000, ఎన్సోనిక్ ఈఎస్‌క్యూ-1 వంటి 1980ల మధ్యనాటి యంత్రాల్లో డిజిటల్ తరంగాలు, అనలాగ్ ఫిల్టర్లు ఉన్నాయి, కానీ టేబుల్‌లో ప్రయాణం లేదు. 1986 నాటి ప్రాఫెట్ వీఎస్‌లో నాలుగు తరంగాల మధ్య జాయ్‌స్టిక్‌తో జరగవచ్చు. 1990 నాటి కోర్గ్ వేవ్‌స్టేషన్ తరంగాలను కాలక్రమంలో ఒకదాని వెంట ఒకటి వాయిస్తుంది. ఇవన్నీ వినదగినవే, కానీ మీరు కోరుకున్న నాదానికి ఇవి పక్కదారులు. యంత్రమే కావాలనుకుంటే, డిజిటల్ ఆసిలేటర్లతో పాటు అనలాగ్ ఫిల్టర్లు ఉన్న 2018 నాటి వాల్డార్ఫ్ క్వాంటమ్ ఆ కూర్పుకు నేటి రూపం. అయితే ఇప్పుడే అటు చూడవద్దంటాను. మీ దగ్గరున్న సాఫ్ట్‌వేర్‌లో పైన చెప్పినవన్నీ దాదాపుగా సాధ్యమే, అవి చేశాక కూడా ఇంకేదో తక్కువైందని అనిపిస్తే ఆ తక్కువైనదేమిటో అప్పటికి మీకే కచ్చితంగా తెలుస్తుంది.

ఈ రాత్రే ఒక పని చేయండి. రివర్బ్, కోరస్, డిలే వంటి ఎఫెక్టులన్నీ తీసేయండి. ఒకే ఆసిలేటర్, ఒకే టేబుల్, ఫిల్టర్ పూర్తిగా తెరిచి ఉంచండి. 110 హెర్ట్జ్ స్వరాన్ని నిలిపి పట్టి, స్థానం నాబ్‌ను మొదటి నుంచి చివరిదాకా రెండు నిమిషాల పాటు చేత్తో తిప్పండి. మళ్లీ వినాలనిపించిన ప్రతి చోటా ఆగి ఆ అంకెను కాగితం మీద రాసుకోండి. మూడు నాలుగు అంకెలు వస్తాయి. రేపు ఆ మూడు నాలుగింటి మధ్య మాత్రమే కదిలే ఒక స్వరాన్ని తయారు చేసి, ఏ టేబుల్‌తో చేశారో, ఏ అంకెలు వచ్చాయో ఇక్కడ రాయండి. ఫిల్టర్‌ను ఎటు నడిపించాలో అప్పుడు కలిసి చూద్దాం.